రూలు మార్చినవాడి బాకీ

2022 ఫిబ్రవరి చివర్లో ఒక రాత్రి, కాలేజీ రోజుల నుంచీ తెలిసిన మిత్రుడొకడు వాట్సాప్‌లో ఒక్క ముక్క పంపాడు: "టెక్కీస్‌ని చంపేశార్రా." పక్కనుంచి చూసిన మా ఆవిడ ఏ కంపెనీలోనో ఉద్యోగాలు ఊడాయనుకుని కంగారుపడింది. నాకు మాత్రం వెంటనే అర్థమైంది. నవ్వొచ్చింది కూడా. ఆ నవ్వు గురించే ఈ వ్యాసం.

టెక్కీస్ అనేది డోటా 2 అనే ఆటలో ఒక హీరో పేరు. ఆడనివాళ్ళ కోసం రెండు మాటలు. ఐదుగురు ఒక జట్టు, ఐదుగురు ఇంకో జట్టు. వందకి పైగా ఉన్న హీరోల్లోంచి తలా ఒకర్ని ఎంచుకుని అవతలివాళ్ళ కోట కూలగొట్టాలి. మిగతా హీరోలు చాలావరకు ఎదురుపడి కొట్టుకుంటారు. టెక్కీస్ అలా కాదు. దారుల్లో, మెట్ల దగ్గర, చెట్ల సందుల్లో కనపడని మందుపాతరలు పెట్టి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత పని ఎదురుచూడ్డమే. అవతలివాడు ఏ దారిన వస్తాడు, ప్రాణం మీదికొస్తే ఎటు పరిగెడతాడు, అత్యాశకి ఎక్కడ పోతాడు, ఇవన్నీ ముందే పసిగట్టాలి.

మావాడికి అది వచ్చు. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్ వరండాలో గదికీ గదికీ మధ్య లాన్ కేబుళ్ళు లాక్కుని, వార్‌క్రాఫ్ట్ 3 మీద నడిచే పాత డోటా ఆడేవాళ్ళం. చేతి వేగంలో మా అందరికంటే వెనకబడి ఉండేది వాడే. కానీ వాడు అవతలి జట్టులో ఉంటే అడుగు తీసి అడుగు వెయ్యాలంటే భయమేసేది. తిట్టుకునేవాళ్ళం కూడా, వీడితో ఆడితే ఆట కాదురా బాబూ, నరకం అని.

ఆ ఫిబ్రవరిలో వచ్చిన 7.31 ప్యాచ్‌లో రిమోట్ మైన్స్‌ని పూర్తిగా తీసేశారు. అంటే ఒక్కోటీ పేర్చుకుంటూ పోయి, అదను చూసి మనమే పేల్చే పాతరలన్నమాట. టెక్కీస్‌కి ప్రాణం అవే. వాటి బదులు విసిరితే అంటుకునే బాంబు లాంటివి ఇచ్చారు. బొమ్మ అదే, గొంతులు అవే, పేరూ అదే. ఆడే తీరు మాత్రం వేరు. ఇప్పుడు టెక్కీస్ కూడా అందరిలాగే ముందుకెళ్ళి కలబడాలి. ఆడేవాళ్ళలో చాలామంది పీడ వదిలిందని పండగ చేసుకున్నారు. మావాడు పదో పన్నెండో ఆటలు ఆడి మానేశాడు.

"ఆటే కదరా, ఇంకో హీరోని నేర్చుకో" అన్నాన్నేను. "నువ్వెప్పుడూ మార్చేవాళ్ళ వైపే ఉంటావ్‌లే" అన్నాడు వాడు. తర్వాత కొన్నాళ్ళు మెసేజ్ లేదు.

ముప్పై దాటిన మనిషి ఆటలో బొమ్మ మారిందని అలిగాడంటే నవ్వడం తేలికే. కానీ వాడన్న మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే అది నిజం. నా ఉద్యోగమే మార్చడం.

*

ఇలాంటి అలకల చరిత్రలో పెద్ద కథ స్టార్ వార్స్ గెలాక్సీస్‌ది. సోనీ ఆన్‌లైన్ ఎంటర్‌టైన్‌మెంట్ తయారుచేయగా 2003లో విడుదలైన ఆట. అందులో యుద్ధం చెయ్యడమొక్కటే పని కాదు. 34 వృత్తులుండేవి. బట్టలు కుట్టొచ్చు, వంట చెయ్యొచ్చు, సత్రంలో నాట్యం చెయ్యొచ్చు, అడవి జంతువుల్ని మచ్చిక చేసుకోవచ్చు. తుపాకీ జోలికి పోకుండానే ఆ లోకంలో పేరు తెచ్చుకునే వీలుండేది.

2005 నవంబర్‌లో 'న్యూ గేమ్ ఎన్‌హాన్స్‌మెంట్స్' పేరుతో ఆ 34నీ 9 క్లాసులకి కుదించారు. జంతువుల్ని మచ్చిక చేసే వృత్తి ఎగిరిపోయింది. నెలల తరబడి కష్టపడితే గానీ దక్కని జెడై, మొదటిరోజే ఎవరైనా ఎంచుకోగల క్లాసు అయింది. కొత్త ఎక్స్‌పాన్షన్ అమ్మిన కొద్ది రోజులకే ఈ మార్పు ప్రకటించడంతో గొడవ ముదిరి, కొన్నవాళ్ళకి డబ్బు వాపసిస్తామని చెప్పాల్సొచ్చింది. జనం గుంపులుగా వెళ్ళిపోయారు. 2011 డిసెంబర్ దాకా ఎలాగో నడిచి, ఆట మూతపడింది.

ఇలాంటి గొడవల్లో వినపడే కేకల్ని విడదీసి చూస్తే మూడు రకాల ఫిర్యాదులు తేలతాయి.

మొదటిది: "నా బలం తగ్గింది." ఇందులో పస తక్కువ. ఆ బలం ఇచ్చిందీ పాత రూలే. అది నా కష్టార్జితం కాదు, రూలు నా వైపు ఒరిగి ఉండటం వల్ల వచ్చిన లాభం.

రెండోది: "మాట తప్పారు." ఇది గట్టి ఫిర్యాదే. నిన్న ఒకటి అమ్మి ఇవాళ ఇంకోటి చేతిలో పెడితే అది మోసం. కానీ దీనికి మందుంది. డబ్బు తిరిగివ్వొచ్చు, గడువివ్వొచ్చు.

మూడోది: "నేను ఏదైతే అయ్యానో, అది ఇక లేదు." అసలు చిక్కు ఇక్కడుంది. సి. థీ న్గుయెన్ అనే తత్త్వవేత్త 2020లో వచ్చిన 'గేమ్స్: ఏజెన్సీ యాజ్ ఆర్ట్' అనే పుస్తకంలో ఆటల గురించి ఒక మంచి ఆలోచన చేశాడు. చిత్రకారుడికి రంగులెలాగో, ఆట తయారుచేసేవాడికి మన కర్తృత్వం అలాగట. నువ్వు కోరుకోవాల్సింది ఇది, నీ చేతనయ్యేవి ఇవి, నీకు అడ్డొచ్చేవి ఇవి అని అతను నిర్ణయిస్తాడు. ఆడినంతసేపూ మనం ఆ మనిషిగా బతుకుతాం. ఆ మాట ఒప్పుకుంటే, క్లాసుని మార్చడమంటే మన జేబులోంచి ఏదో లాక్కోవడం కాదు. మనం ఒకలా ఉండగలిగే వీలుని తీసెయ్యడం. మృదంగం వాయించేవాడితో, "రేపట్నుంచి మృదంగాలుండవు, వయొలిన్ ఇస్తాం, నిజానికి అదే మేలు" అనడం లాంటిది. వయొలిన్ మంచిదే కావచ్చు. అతని వేళ్ళలో ఉన్నది మాత్రం వేరు.

ఇక్కడిదాకా వచ్చి మావాడి పక్షం తీసుకోవాలనిపిస్తుంది. కానీ ఆగాలి. వాడి ఆనందానికి వెల కట్టింది మిగతా తొమ్మిదిమంది. ఆట సాగీ సాగీ వాళ్ళ సాయంత్రాలు తగలడిపోయేవి. నష్టం నిజమైనంత మాత్రాన మార్పుని ఆపే హక్కు రాదు. హక్కు లేదు కాబట్టి నష్టం అబద్ధమనీ కాదు. ఈ రెండు మాటల మధ్య ఏం చెయ్యాలన్నదే ప్రశ్న. దానికి నాకు దొరికిన కాస్త జవాబు పుస్తకాల్లోంచి రాలేదు, కొల్లేట్లోంచి వచ్చింది.

*

మా అమ్మ పుట్టిల్లు కొల్లేటి లంకల్లో ఒక ఊరు. ఏలూరులో పెరిగిన నాకు వేసవి సెలవులంటే ఆ ఊరే. అమ్మమ్మ ఇంటి చూరుకి పాత మావులు రెండు వేలాడుతుండేవి. మావంటే వెదురు బద్దలతో అల్లిన చేపల బోను. లోపలికి దారుంటుంది, బయటికుండదు. మా తాత వయసులో ఉన్నప్పుడు తాటిదోనె మీద వెళ్ళి, నీటి వాలు చూసి, నాచు చూసి, కొరమీను ఎక్కడ తిరుగుతుందో, జెల్ల ఎక్కడ పడుతుందో అంచనా కట్టి మావు దించేవాడట. ఆ తర్వాత పని ఎదురుచూడ్డమే. (ఈ వాక్యం పైన ఇంకోచోట రాశాను. రాస్తున్నప్పుడు తట్టలేదు.)

'వేసేవాడట' అనే చెప్పగలను, చూశానని కాదు. నేను పుట్టేసరికే ఆ పని దాదాపు అయిపోయింది. 1970ల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టి కొల్లేటి గర్భంలో చేపల చెరువులు తవ్వించింది. తర్వాత చెరువు పక్కన చెరువు, గట్టు పక్కన గట్టు. చాలాచోట్ల పేరు సొసైటీది, పెట్టుబడి బయటివాళ్ళది. అయినా లంకల్లోకి మొదటిసారి నాలుగు డబ్బులొచ్చాయి. మా మావయ్యకి ఒక చెరువులో వాటా ఉండేది. ఆ వాటాతోనే తాటాకిల్లు పోయి శ్లాబు ఇల్లొచ్చింది. మావయ్య పనిమంతుడు. తెల్లారుజామున చేప పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే నీళ్ళల్లో గాలి చాలట్లేదని దూరం నుంచే చెప్పేవాడు. బొచ్చెకి ఎంత మేత, శీలావతికి ఎంత, ఎప్పుడు పట్టుబడి చెయ్యాలి, అన్నీ నోటి లెక్కే.

నిలవ నీళ్ళ చెరువులో తాతకి తెలిసినదేదీ పనికిరాదు. గట్టు మీద కూచునేవాడు. "ఇంకా ఆ బుట్టలెందుకు నాన్నా, పొయ్యిలో పెట్టక" అనేవాడు మావయ్య. నవ్వుతూనే అనేవాడు. నేను మిత్రుడితో నవ్వినట్టు.

1999లో ఐదో కాంటూరు వరకూ, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర, కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేల అయింది. చెరువులు మాత్రం అలాగే ఉన్నాయి. కాగితం మీద రూలు మారినా నీళ్ళ మీద మారలేదు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' మొదలైంది. పొక్లెయిన్లు వచ్చి గట్లు తెంచాయి. నేనప్పుడు ఏలూరులో ఇంటర్ పరీక్షల హడావిడిలో ఉన్నాను. ఫోన్లో మావయ్యతో మాట్లాడి అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోవడం ఒక్కటే గుర్తు.

మార్చినవాళ్ళ కారణాలు తప్పా? కాదు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్యనున్న ఈ పల్లంలోకి బుడమేరూ తమ్మిలేరూ వచ్చి పడాలి. ఆ నీరంతా ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి. మధ్యలో గట్లు కట్టుకుంటే వరద ఊళ్ళ మీద పడుతుంది. నీటికి చోటు చెయ్యకపోతే ఏమవుతుందో 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడలో చూపించింది. ఆటపాక దగ్గర చెట్ల నిండా గూడబాతుల్ని చూసిన ఎవడికైనా, ఈ సరస్సు మనుషుల ఒక్కళ్ళ సొత్తు కాదని తెలుస్తుంది.

మావయ్య ఫిర్యాదులోనూ ఆ మూడు రకాలున్నాయి. ఆదాయం పోయింది. ప్రభుత్వమే తవ్వించి, ప్రభుత్వమే అక్రమమంది. జిరాయితీ భూములున్న రైతుల పరిహారం సంగతి ఏళ్ళ తరబడి నలిగింది. ఐదో కాంటూరుని మూడుకి తగ్గించాలని 2008లో అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. ఆ వాదన ఇంకా తెగలేదు. ఇవి మొదటివి రెండూ. మూడోదాన్ని మావయ్య ఎప్పుడూ మాటల్లో పెట్టలేదు. కానీ ఆ ఏడాదంతా తెల్లారుజామున లేచి, వెళ్ళడానికి చెరువు లేక, వీధరుగు మీద కూచునేవాడట.

ఆటనీ బతుకునీ ఒకే గాటన కట్టడం అన్యాయమని నాకు తెలుసు. మావాడు ఆట మానేసి నిద్రపోగలడు. మావయ్య నెత్తిన అప్పుంది. నచ్చకపోతే వెళ్ళిపోయే దారి ఆటలో ఉంది, లంకలో లేదు. నష్టాల బరువు వేరు. నేనంటున్నది, ఆ నష్టాన్ని చూసి పక్కవాడు ఏమంటాడన్న దాని గురించి. రెండుచోట్లా ఒకే మాట: "ఇంకోటి నేర్చుకో."

*

గట్లు తెగాక, కొల్లేరు మళ్ళీ పాత కొల్లేరవుతుందని, మా తాతలాంటి వాళ్ళకి మంచిరోజులొచ్చాయని కొందరన్నారు. ఆటల్లో ఇలాంటిది నిజంగానే జరిగింది. గెలాక్సీస్ అభిమానులు మార్పులకి ముందరి ఆటని ఏళ్ళ తరబడి కూచుని సొంతంగా మళ్ళీ కట్టుకున్నారు. పాత వెర్షన్ అడుగుతున్నారు గానీ నిజంగా ఇస్తే మీకు అక్కర్లేదని బ్లిజార్డ్ వాళ్ళు ఒకప్పుడు చెప్పి, 2019లో తామే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌ని తీసుకొచ్చారు. జనం క్యూలు కట్టారు.

కానీ సరస్సు కోడు కాదు, వెనక్కి తిప్పడానికి. నీళ్ళు పరుచుకున్నాయి, వాటితోపాటు గుర్రపుడెక్క. సగం తెగిన గట్లు అక్కడక్కడా మిగిలే ఉన్నాయి. ఒకరోజు దోనెలో కూచోబెట్టి తాతని తీసుకెళ్ళారట. కాసేపు నీళ్ళలోకి చెయ్యి పెట్టి ఊరుకుని, "నీళ్ళొచ్చాయి గానీ వాలు లేదురా" అన్నాడట.

ఈ మాట నాతో చెప్పింది మావయ్యే. చెప్పి, చాలాసేపటి తర్వాత, "మేం చెరువులు తవ్వినప్పుడు ఆయన్ని ఒక్కళ్ళమూ అడగలేదు అల్లుడూ" అన్నాడు.

నేను ఇన్నాళ్ళూ చూడనిది అదే. ఏ మార్పు కిందైనా అంతకుముందరి మార్పు పూడిపోయి ఉంటుంది. ఇవాళ నష్టపోయి గట్టిగా అరుస్తున్నవాడు, చాలాసార్లు, నిన్నటి మార్పులో లాభపడినవాడే. నిన్న నష్టపోయినవాడి గొంతు ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. కాబట్టి మార్చేవాడు అరుపుల్ని మాత్రమే కొలిచి నిర్ణయించుకుంటే తప్పు. అసలు వినకపోతే ఇంకా తప్పు.

*

ఇప్పుడు నా సంగతి. కొన్నేళ్ళ కిందట ఒక క్లయింటు ఆఫీసులో పాత సాఫ్ట్‌వేర్ తీసి కొత్తది పెట్టే టీములో ఉన్నాను. పాతది నల్ల తెర, ఆకుపచ్చ అక్షరాలు, మౌసు పనే లేదు. అక్కడ ఒకావిడ పనిచేస్తుంటే చూడాలి. కళ్ళు కాగితం మీద, వేళ్ళు కీబోర్డు మీద. తెరవంక చూడకుండానే ఫారం పూర్తయ్యేది. కొత్తది పెట్టిన రోజు ఆవిడ నన్నడిగారు, "ఎఫ్ 7 ఎక్కడికెళ్ళిందండి?" "దాంతో ఇక పన్లేదండి, ఇక్కడ క్లిక్ చేస్తే చాలు" అన్నాను, ఉత్సాహంగా. ఆ ఫ్లోర్‌లో అందరికంటే వేగంగా పనిచేసే మనిషి నెల తిరిగేసరికి అందరికంటే వెనకబడ్డారు. నిన్నగాక మొన్న చేరిన పిల్లలు ఆవిడకి నేర్పించారు. నా రిపోర్టులో నేను రాసిన వాక్యం: "కొందరు యూజర్లు మార్పుకి ఇంకా అలవాటు పడాల్సి ఉంది."

పాత సాఫ్ట్‌వేర్ పోవాల్సిందే. దాన్ని బాగుచేసే మనుషులే మిగల్లేదు. ఆ మార్పు గురించి నాకు పశ్చాత్తాపం లేదు. ఆ వాక్యం గురించి ఉంది. నష్టం ఆవిడది, లోపమూ ఆవిడదే అన్నట్టు రాశాను.

అరిస్టాటిల్ 'పాలిటిక్స్'లో ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగుతాడు. వైద్యంలో పాత పద్ధతులు మార్చడం వల్ల మేలే జరిగింది కదా, మరి చట్టాల్నీ అలాగే మార్చుకుంటూ పోవచ్చా అని. మార్చాల్సినవి ఉంటాయని ఒప్పుకుంటూనే ఒక మెలిక పెడతాడు. చట్టానికి బలమిచ్చేది జనం అలవాటు. అలవాటుకి కాలం పడుతుంది. చీటికీ మాటికీ మారిస్తే ఆ బలమే పోతుంది. అందుకని చిన్న లాభం కోసం మార్చకపోవడమే మేలంటాడు. ఆయన బెంగ చట్టం గురించి. నాది ఆ అలవాటులోకి పోసిన కాలం గురించి. ఆ కాలం చట్టానిది కాదు, ఒక మనిషిది.

ఈ లెక్కన, రూలు మార్చినవాడికి కొన్ని బాకీలుంటాయి. నష్టాన్ని నష్టమని పిలవాలి. 34 వృత్తుల్ని 9 చేసి దానికి 'ఎన్‌హాన్స్‌మెంట్' అని పేరు పెట్టడంలోనే సగం గాయం ఉంది. అరవనివాళ్ళు ఎవరో వెతికి అడగాలి. తీర్చగలిగినంత తీర్చాలి: డబ్బైతే డబ్బు, గడువైతే గడువు. ఎఫ్ 7 ని కొత్త తెరలో కూడా పనిచేసేలా పెట్టడం మాకు మహా అయితే వారం పని. ఎవరూ అడగలేదు కాబట్టి చెయ్యలేదు. అడిగారు, నిజానికి. నేను వేరే జవాబు చెప్పాను.

ఇక తీరనిది మిగులుతుంది. మూడో రకం నష్టానికి చెల్లింపు లేదు. అక్కడ చెయ్యగలిగింది ఒక్కటే, తీరని బాకీని తీరిందని రాసుకోకపోవడం.

*

మొన్న సంక్రాంతికి మావయ్య దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు కైకలూరు వైపు, అభయారణ్యం హద్దు బయట, వేరేవాళ్ళ చెరువులు చూసుకుంటున్నాడు. తెల్లారుజామున లేస్తాడు, వెళ్ళడానికి ఒక గట్టుంది. మాటల్లో మాటగా నా మిత్రుడి కథ, ఆ పాతరల కథ చెప్పాను. మొదట నవ్వాడు. కాసేపాగి, "మరి ఆ కుర్రాడు ఏం చూసి పెట్టేవాడంట?" అన్నాడు.

నాకు తెలీదు. పదిహేనేళ్ళకి పైగా వాడితో ఆడాను, ఒక్కసారీ అడగలేదు. ఆ రాత్రే మెసేజ్ పెట్టాను: "పాత డోటాలో మెట్ల దగ్గర ఏం చూసి మైన్లు పెట్టేవాడివిరా?" జవాబుగా వాయిస్ మెసేజ్‌లు వరసగా ఐదు వచ్చాయి. మొత్తం కలిపితే అరగంట. రెండోసారి కూడా విన్నాను.

తాతని కూడా అడిగి ఉండాల్సింది, చేప ఎటు పోతుందో నీళ్ళలో చెయ్యి పెడితే ఎలా తెలుస్తుందని. చూరుకున్న మావులు శ్లాబు ఇంటికి రాలేదు. ఎక్కడికి పోయాయో మావయ్యకీ గుర్తులేదు.